కంట్రోల్ లైన్ స్టంట్ విమానాలు: ఇంధనం, ఇంజిన్ ట్యూనింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, జయపురం, కోరాపుట్, పర్లాకిమిడి వైపు మన తెలుగు పిల్లలు, వాళ్లతో పాటు కొందరు నాన్నలు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలివి. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ గొంతు పోతోంది కాబట్టి ఒకచోట రాస్తున్నాను.

కంట్రోల్ లైన్ అంటే ఏమిటి? రిమోట్ విమానం లాంటిదేనా?

కాదు. ఇందులో రేడియో ఉండదు. విమానానికి రెండు సన్నని స్టీలు తీగలు కట్టి, వాటి రెండో కొస మీ చేతిలోని హ్యాండిల్‌కి తగిలిస్తారు. మీరు మధ్యలో నిలబడి తిరుగుతుంటే విమానం మీ చుట్టూ తిరుగుతుంది. మణికట్టు పైకి వంచితే ముక్కు పైకి, దించితే కిందికి. అంతే. అమెరికాలో జిమ్ వాకర్ అనే ఆయన 1940ల మొదట్లో దీన్ని జనంలోకి తెచ్చాడు. అంతర్జాతీయ పోటీల్లో స్టంట్ విభాగం పేరు ఎఫ్2బి. తీగల పొడవు 15 నుంచి 21.5 మీటర్ల మధ్య ఉండాలి, అన్ని విన్యాసాలూ ఏడు నిమిషాల్లో అయిపోవాలి. లూపులు, చదరపు లూపులు, త్రిభుజాలు, ఎనిమిదులు, ఇసుక గడియారం ఆకారం, నాలుగాకుల పువ్వు, తలకిందులుగా రెండు చుట్లు... మామూలుగా ఎగిరేటప్పుడు ఎత్తు నేల నుంచి మీటరున్నర. థ్రాటిల్ ఉండదు. ఒకసారి వదిలాక ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఇంజిన్ తన ఇష్టం.

ఆ ఇష్టాన్ని ముందే మన ఇష్టంగా మార్చుకోవడమే ఈ పేజీలోని గొడవంతా.

ఇంజిన్ ఎంత స్పీడుగా తిరిగితే అంత మంచిది కదా?

రేసుకైతే అవును. స్టంట్‌కి కాదు. స్టంట్‌లో మనకి కావలసింది ఒకే వేగం. విమానం పైకి లేచేటప్పుడు నెమ్మదించకూడదు, కిందికి దిగేటప్పుడు దూసుకురాకూడదు. కొండెక్కే బస్సు డ్రైవరు గేరు మార్చినట్టు, ఇంజిన్ తనంతట తానే బలం పెంచుకుని, మళ్లీ తగ్గించుకోవాలి.

అది ఇలా జరుగుతుంది. ఇంధనం కాస్త ఎక్కువగా, అంటే రిచ్‌గా పెడితే టూ స్ట్రోక్ ఇంజిన్ ప్రతి చుట్టుకీ మండదు, చుట్టు విడిచి చుట్టు మండుతుంది. దీన్ని ఫోర్ సైకిల్ అంటాం. ఆ చప్పుడు బుల్లెట్ బండిలా దుడుదుడుమంటుంది. ముక్కు పైకి లేవగానే ట్యాంకు ఇంజిన్ కన్నా కిందికి వస్తుంది, ఇంధనం కొంచెం తగ్గుతుంది, పైగా బరువు పడి హెడ్డు వేడెక్కుతుంది. అప్పుడు ఇంజిన్ ప్రతి చుట్టుకీ మండడం మొదలుపెడుతుంది, ఆర్ఎక్స్ 100 గేరు తగ్గించి లాగినట్టు చప్పుడు సన్నబడి రయ్యిమంటుంది. లూపు దిగి సమంగా రాగానే మళ్లీ దుడుదుడు. దీన్నే పాతకాపులు 4-2-4 అంటారు. ఫాక్స్ 35 (సైజు 0.35 ఘనపు అంగుళాలు) లాంటి పాత ఇంజిన్లు ఈ పద్ధతికే పేరు పొందాయి. కొత్త తరహా ఇంజిన్లలో చాలామంది ఫోర్ సైకిల్ దాకా వెళ్లరు, కాస్త తడిగా ఉన్న టూ సైకిల్ మీదే మొత్తం ఎగరేస్తారు. రెండూ సరైనవే. నాకు మాత్రం మొదటిదే ఇష్టం, ఎందుకంటే కళ్లు మూసుకున్నా విమానం ఎక్కడుందో చెవికి తెలుస్తుంది.

ఇంధనంలో ఏముంటుంది?

గ్లో ఇంజిన్‌కి మెథనాల్, నూనె, కావాలంటే నైట్రోమీథేన్. ప్లగ్‌లోని ప్లాటినం తీగ దగ్గర మెథనాల్ ఆవిరి చర్య జరిపి తీగని ఎర్రగా ఉంచుతుంది. అందుకే స్టార్ట్ అయ్యాక 1.5 వోల్టుల బ్యాటరీ తీసేసినా ఇంజిన్ ఆగదు. పెట్రోలు పోస్తే ఈ పని జరగదు. ఈ ప్రశ్న కూడా తరచుగా వస్తుంది కాబట్టి చెబుతున్నాను: పెట్రోలు పోయకండి.

నేను 46 సైజు ఇంజిన్‌కి ఒక లీటరు కలిపే లెక్క: ఆముదం 110 మిల్లీలీటర్లు, సింథటిక్ నూనె 110, నైట్రో 100, మిగతా 680 మెథనాల్. ఫాక్స్ 35 లాంటి పాత ఇనుప పిస్టన్ ఇంజిన్‌కైతే నూనె 28 శాతం దాకా పెంచి, అందులో ఎక్కువ భాగం ఆముదమే పోస్తాను. ఏ ఇంజిన్‌కీ నూనె 20 శాతం కన్నా తగ్గించను. నూనె మిగిలిస్తే డబ్బు మిగలదు, బేరింగు పోతుంది.

మెథనాల్ విషం. రెండు చెంచాలు కడుపులోకి పోయినా చూపు పోవచ్చు, ఇంకొంచెం ఎక్కువైతే ప్రాణమే పోతుంది. చర్మం గుండా కూడా లోపలికి దిగుతుంది. దాని మంట పగటి వెలుతురులో కంటికి కనబడదు. లైసెన్సున్న కెమికల్ షాపులో బిల్లుతో కొనండి. కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం ఎప్పుడూ పోయకండి. ఇంట్లో పిల్లలుంటే డబ్బా మీద తెలుగులోనూ ఒడియాలోనూ ‘విషం’ అని రాసి, తాళం వేయండి.

ఆముదం అంటున్నారు. ఇంట్లో ఉన్న ఆముదం పోయొచ్చా?

అందరికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడిగేటప్పుడు అందరూ నవ్వుతారు కూడా. చిన్నప్పుడు ముక్కు మూసి మింగించిన నూనె విమానంలో పోయడమేమిటని.

ఆముదంలో ఓ గొప్ప గుణం ఉంది. మెథనాల్‌లో హాయిగా కలిసిపోతుంది, మామూలు ఇంజిన్ ఆయిల్ అలా కలవదు. ఇంజిన్ పొరపాటున లీన్ అయి, అంటే ఇంధనం తక్కువై, మాడిపోయేంత వేడెక్కినప్పుడు చాలా సింథటిక్ నూనెలు చేతులెత్తేస్తాయి. ఆముదం ఆ వేడికి ఇంకా చిక్కబడి లోహాన్ని అంటిపెట్టుకుంటుంది. అందుకే మొత్తం సింథటిక్ మీద నడపమని నేనెవరికీ చెప్పను.

కానీ ఏ ఆముదం? ఊళ్లో గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి తీసే వంటాముదం వద్దు. అది పసిపిల్లల తలకి మంచిది, ఇంజిన్‌కి కాదు. అందులో తేమ, జిగురు మిగిలిపోతాయి. ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే గొట్టం, అంటే స్ప్రేబార్, దాని సన్నని కన్నం పూడుకుపోవడానికి అది చాలు. మందుల షాపులో దొరికే, చల్లగా పిండి శుద్ధి చేసిన ఫార్మా రకం కొనండి. ఇక్కడి కొట్లో ఒడియాలో ‘జడా తేలొ’ (ఆముదం) అని అడిగితే ముందు జుట్టుకి రాసుకునేది తీసిస్తారు. సీసా మీద సువాసన, రంగు, ఇంకేదైనా మూలిక పేరు ఉంటే తిరిగిచ్చేయండి. ఒక చిన్న పరీక్ష: గాజు సీసాలో నాలుగు పాళ్లు మెథనాల్, ఒక పాలు ఆముదం పోసి ఊపి, ఒక రాత్రి కదపకుండా ఉంచండి. పొద్దున్నకి అడుగున మసకగా తెర కట్టినా, పోగులు కనిపించినా ఆ నూనె వద్దు. దీపానికి వాడుకోండి.

నైట్రో దొరకలేదు. ఎగరదా?

ఎగురుతుంది. స్పీడు విభాగం ఎఫ్2ఎలో 80 శాతం మెథనాల్, 20 శాతం ఆముదం మాత్రమే ఇస్తారు, ఆ విమానాలు గంటకి దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో పోతాయి. నైట్రో లేకపోతే కాస్త వేడి ప్లగ్ పెట్టండి, హెడ్డు కింద రెండు షిమ్‌లు (పల్చని రేకు వాషర్లు) ఉంటే ఒకటి తీసి చూడండి. స్టార్ట్ చేయడం కొంచెం మొండికేస్తుంది. నైట్రో తనతో ఆక్సిజన్ తెచ్చుకుంటుంది కాబట్టి దాన్ని కలిపినప్పుడు నీడిల్ (ఇంధనం ఎంత పోవాలో సరిచేసే మర) ఇంకాస్త తెరవాలి, తీసేసినప్పుడు మూయాలి.

నీడిల్ ఎలా సెట్ చేయాలి?

నాకు నేర్పింది సునాబెడ హెచ్ఏఎల్ ఇంజిన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. మొదటిరోజు నేను నీడిల్ అటూ ఇటూ గిరగిరా తిప్పుతుంటే, ‘ఏటి బాబూ అలా తిప్పేస్తన్నావు, అది కుళాయనుకున్నావేటి?’ అన్నారు. అప్పటినుంచి నీడిల్ తిప్పేటప్పుడు వచ్చే క్లిక్కులు లెక్కపెడుతున్నాను.

నీడిల్ మొత్తం మూసి, రెండున్నర మూడు చుట్లు తెరవండి. వెంచురీ (ఇంజిన్ గాలి పీల్చే నోరు) మీద వేలు మూసి ప్రాప్‌ని, అంటే ప్రొపెల్లర్‌ని, రెండుసార్లు తిప్పితే ఇంధనం వస్తుంది. ప్లగ్‌కి బ్యాటరీ తగిలించి ప్రాప్‌ని కర్రతో కొట్టి తిప్పండి, వేలితో వద్దు. ఇంజిన్ అందుకున్నాక అరనిమిషం ఆగి బ్యాటరీ తీసేయండి. ఇప్పుడు ప్రాప్ వెనక వైపు నుంచి నీడిల్‌ని మెల్లగా మూస్తూ పోండి. చప్పుడు సన్నబడి రయ్యిమన్నాక, మళ్లీ దుడుదుడు వచ్చేదాకా తెరవండి. విమానం ముక్కు పైకెత్తండి: రయ్యిమనాలి. దించండి: దుడుదుడు రావాలి. ఎత్తినా మారకపోతే మరీ రిచ్, దించినా తిరిగి రాకపోతే మరీ లీన్. దగ్గర చిన్న టాకోమీటర్ ఉంటే ఆ అంకె నోట్‌బుక్కులో రాసుకోండి. వంద ఆర్‌పీఎం తేడా కూడా పైన తెలుస్తుంది.

కానీ నేల మీద వచ్చింది అసలు సెట్టింగ్ కాదు. గాల్లోకి వెళ్లాక ప్రాప్ మీద భారం తగ్గి ఇంజిన్ ఇంకాస్త లీన్ అవుతుంది. నిజమైన కొలత ల్యాప్ టైము. ఒక తమ్ముడి చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి ఐదు చుట్లకి టైము తీసి ఐదుతో భాగించమనండి. 19 మీటర్ల తీగల మీద 5.2 సెకన్లు వస్తే నాకు చాలు. అంటే గంటకి ఎనభై, ఎనభై అయిదు కిలోమీటర్ల మధ్య. తర్వాత ఫ్లైటుకి ఒక్క క్లిక్కు మార్చండి. ఒక్కటే. నీడిల్, ప్లగ్, ప్రాప్ మూడూ ఒకేసారి మార్చి ‘బాగుపడింది అన్నా’ అనేవాళ్లకి ఏది మారితే బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

బరంపురంలో చక్కగా తిరిగింది. కోరాపుట్ తెచ్చాక కుదరడం లేదు. ఇంజిన్ పాడైందా?

పాడవలేదు. గాలి మారింది.

కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు. బరంపురం దాదాపు సముద్రమట్టం. ఒకే ఉష్ణోగ్రతలో చూస్తే కోరాపుట్‌లో గాలి పదో వంతు తక్కువ. వెంచురీలోకి వచ్చే గాలి తగ్గినంతగా స్ప్రేబార్ నుంచి వచ్చే ఇంధనం తగ్గదు. కాబట్టి పాత సెట్టింగ్ కొత్తచోట రిచ్ అవుతుంది, లూపులో టూ సైకిల్‌కి మారనని మొరాయిస్తుంది. రెండు మూడు క్లిక్కులు మూయండి, చాలావరకు సర్దుకుంటుంది.

అయితే అందరూ ఎత్తునే తిడతారు, ఎండని మర్చిపోతారు. రాయగడ ఎత్తు రెండు వందల మీటర్ల చిల్లరే. కానీ మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల్లో అక్కడి గాలి సాంద్రత లెక్కేస్తే ఘనపు మీటరుకి 1.10 కిలోలు వస్తుంది. జనవరి పొద్దున్న పది డిగ్రీల చలిలో కోరాపుట్ గాలి 1.12. అదే నెలలో బరంపురం గాలి 1.21. అంటే కొండ మీద చలికాలపు గాలికన్నా మన రాయగడ ఎండాకాలపు గాలే పల్చన. వానాకాలంలో గాలిలోని నీటి ఆవిరి ఇంకొంచెం ఆక్సిజన్ చోటు తినేస్తుంది. అందుకని నా నోట్‌బుక్కులో ప్రతి ఫ్లైటుకీ ఊరి పేరు, టైము, ఎండ ఎంతో రాస్తాను. ఊరి పేరొక్కటే రాస్తే పనికిరాదు.

పల్చని గాలిలో ఇంజిన్ బలం తగ్గినా ప్రాప్ కోయాల్సిన గాలి కూడా తగ్గుతుంది కాబట్టి ఆర్‌పీఎం పెద్దగా పడదు. దెబ్బ తగిలేది రెక్కకి. చదరపు లూపు మూలలు గుండ్రంగా అయిపోతాయి. దానికి నేను ల్యాప్ 0.1 సెకను తగ్గించి ఎగరేస్తాను, నైట్రో ఉంటే ఐదు శాతం ఎక్కువ పోస్తాను.

మామూలుగా బాగుంది, తలకిందులుగా ఎగిరితే వేగం మారిపోతోంది.

నీడిల్ ముట్టుకోకండి. అది ట్యాంకు ఎత్తు గొడవ. నా అనుభవంలో ‘ఇంధనం బాగోలేదు’ అని వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా ట్యాంకు దగ్గరే తేలతాయి.

ట్యాంకు మధ్య గీత స్ప్రేబార్ కన్నా పైన ఉందనుకోండి. మామూలుగా ఎగిరేటప్పుడు ఇంధనం కిందికి జారి ఇంజిన్‌కి ఎక్కువ అందుతుంది. తిరగేయగానే అదే ట్యాంకు కిందికి పోతుంది, ఇంజిన్ కష్టపడి పీల్చుకోవాలి, లీన్ అయి వేగం పెరుగుతుంది. కాబట్టి తలకిందులుగా వేగం ఎక్కువైతే ట్యాంకు దించండి. మామూలుగా వేగం ఎక్కువైతే ఎత్తండి. ఎంత? పాత ఏటీఎం కార్డు ముక్క ఒకటి ట్యాంకు కింద పెట్టి చూడండి, మిల్లీమీటరు కూడా ఉండదు, అయినా స్టాప్‌వాచ్‌లో తేడా కనిపిస్తుంది. రెండు వైపులా ఐదేసి చుట్ల టైము తీసి, తేడా 0.1 సెకనులోపు వచ్చేదాకా ముక్కలు కలుపుతూ తీస్తూ పోవాలి. ఓపిక కావాలి. నాకు ఒక విమానానికి రెండు ఆదివారాలు పట్టింది.

యూనిఫ్లో ట్యాంకు అంటే?

మామూలు ట్యాంకులో ఇంధనం తగ్గేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, ఫ్లైటు చివర్లో ఇంజిన్ లీన్ అవుతూ పోతుంది. యూనిఫ్లోలో గాలి లోపలికి వచ్చే గొట్టం కొసని ఇంధనం పీల్చే గొట్టం కొస పక్కకే తెస్తారు. విమానం తిరిగేటప్పుడు మూడింతల భూమ్యాకర్షణంత బలంతో ఇంధనం బయటి వైపుకి నెట్టబడుతుంది కాబట్టి రెండు కొసలూ ఆ బయటి గోడ దగ్గరే, వెనక మూలలో ఉంటాయి. ట్యాంకు నిండుగా ఉన్నా సగమున్నా ఇంజిన్‌కి ఒకటే ఒత్తిడి. ఇది సోల్డరు చేసిన రేకు ట్యాంకైతే మరీ మంచిది.

ఆ గాలి గొట్టం మూసుకుపోతే మాత్రం అంతా అయిపోయినట్టే. ఒక వేసవిలో విమానం మూడు వారాలు గోడకి వేలాడదీశాను. తీసి ఎగరేస్తే రెండు చుట్లకే లీన్ అయి ఆగిపోతోంది. ప్లగ్ మార్చాను, నీడిల్ తీసి కడిగాను, కొత్త ఇంధనం కలిపాను. ఒక పూటంతా పోయింది. చివరికి గాలి గొట్టంలోకి సన్నని తీగ దూర్చితే ఎర్రమట్టి రాలింది. గోడల మీద మట్టిగూళ్లు కట్టే కందిరీగ అందులో ఇల్లు కట్టుకుంది. ఇప్పుడు ప్రతి గొట్టానికీ చిన్న సిలికోన్ మూత పెడతాను.

ఇంధనం చెడిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

మెథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. జూలైలో సగం ఖాళీ డబ్బా మూత వదులుగా పెట్టి వదిలేస్తే ఆగస్టుకి ఇంజిన్ ఒకలా తిరగదు, పైకీ కిందికీ ఊగుతుంది, ప్లగ్ తెల్లబడి చస్తుంది. కొన్నప్పుడే నీళ్లు కలిసిన సరుకు కూడా ఉంటుంది. ఒకసారి ఒక షాపులో ఐదు లీటర్లు కొని, నాలుగు ప్లగ్గులు పోగొట్టుకున్నాక గాని నాకు అనుమానం రాలేదు. ఇప్పుడు నూనె కలపకముందే తూస్తాను. ఒక చిన్న సీసా అంచుదాకా నీళ్లు పోసి, బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు మీద సీసా బరువు తీసేసి తూయండి. ఆరబెట్టి అదే సీసాలో మెథనాల్ పోసి తూయండి. నీటి బరువుకి 0.79 రెట్లు రావాలి. 0.80 దాటితే నేను కొనను.

ఏ ప్రాప్ పెట్టాలి?

పాత 35కి 10×6, అంటే పొడవు 10 అంగుళాలు, పిచ్ (ఒక చుట్టుకి ముందుకి పోయే దూరం) 6. 46 సైజుకి 11, 12 అంగుళాల మధ్య, పిచ్ 4 దగ్గర మొదలుపెట్టండి. ప్రాప్ మార్చితే నీడిల్ మొదటినుంచీ సెట్ చేసుకోవాలి.

కొత్త ఇంజిన్‌ని ఎలా అలవాటు చేయాలి?

ఇనుప పిస్టన్ ఇంజిన్‌ని బాగా రిచ్‌గా, రెండు మూడు నిమిషాల చొప్పున నడిపి, ప్రతిసారీ పూర్తిగా చల్లారనివ్వండి. ఏబీసీ రకానికి (అల్యూమినియం పిస్టన్, క్రోమియం పూత ఉన్న ఇత్తడి సిలిండరు) అంత చల్లగా నడపడం మంచిది కాదు. దాని సిలిండరు పైభాగం బిగువు, వేడెక్కితేనే సరైన సందు వస్తుంది. దాన్ని కాసేపు రిచ్‌లో ఉంచి, మధ్యమధ్య టూ సైకిల్‌లోకి తీసుకెళ్లండి.

ఎన్‌సీసీలో వాడిన చిన్న డీజిల్ ఇంజిన్ ఉంది. దానికీ ఇవేనా?

కాదు. దానికి ప్లగ్ ఉండదు, పైన కంప్రెషన్ స్క్రూ ఉంటుంది. ఇంధనం ఈథర్, కిరోసిన్, ఆముదం, దాదాపు మూడోవంతు చొప్పున. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కుర్రాళ్లు వాయు సైనిక్ క్యాంపు పోటీల్లో కంట్రోల్ లైన్ ఎగరేస్తారు, అక్కడినుంచే మనలో చాలామంది ఈ పిచ్చిలో పడ్డాం. కానీ ఈథర్ ఆవిరి నిప్పురవ్వ దూరంగా ఉన్నా అంటుకుంటుంది. ఇంట్లో కలపకండి. అలాంటి ఇంజిన్ నేర్పే మాస్టారు పక్కన ఉన్నప్పుడే ముట్టుకోండి.

వైజాగ్ నుంచి కిరండూల్ రైల్లో ఇంధనం తెచ్చుకోవచ్చా?

వద్దు. రైల్వే చట్టం 164 సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. చట్టం సంగతి పక్కన పెట్టండి, అరకు సొరంగాల మధ్య కిక్కిరిసిన బోగీలో మెథనాల్ డబ్బా కారితే ఏమవుతుందో ఊహించండి. బస్సులో కూడా వద్దు. నూనె, ప్లగ్గులు, ప్రాప్‌లు తెచ్చుకోండి, మెథనాల్ దగ్గర్లోనే కొనండి.

ఎక్కడ ఎగరేయాలి?

తలెత్తి కరెంటు తీగలు వెతకండి. ఒక్కటి కనిపించినా ఆ మైదానం వద్దు. మీ చేతిలో ఉన్నది ఇరవై మీటర్ల స్టీలు తీగ. ఉరుము వినిపిస్తే వెంటనే దించండి, ట్యాంకులో ఇంధనం ఉందని చూడకండి. హ్యాండిల్‌కి మణికట్టు తాడు తప్పనిసరి. మేకల్ని తోలుకొచ్చేవాళ్లు వలయంలోకి నడిచేస్తారు, ఒక మనిషిని కాపలా పెట్టండి.

ఇంత గొడవెందుకు, బ్యాటరీ మోటారు పెట్టుకోవచ్చుగా?

పెట్టుకోవచ్చు. మోటారు కంట్రోలరే వేగాన్ని ఒకలా ఉంచుతుంది, ఎండా ఎత్తూ దానికి పెద్ద లెక్క కాదు, నూనె అంటదు. పోటీలో గెలవడమే ముఖ్యమైతే అదే పెట్టమంటాను. నేను ఇంకా మారలేదు, కారణం అడిగితే సరైన జవాబు లేదు.

ఎగరడం అయ్యాక ఏం చేయాలి?

ట్యాంకులో మిగిలింది సిరంజితో తీసేయండి. ఇంజిన్‌ని ఒకసారి స్టార్ట్ చేసి, ఇంధనం గొట్టం లాగేసి, ఉన్నదంతా మండనివ్వండి. వెంచురీలో నాలుగు చుక్కల పల్చని మెషిన్ ఆయిల్ వేసి ప్రాప్ చేత్తో తిప్పండి, లేకపోతే వానాకాలంలో బేరింగు తుప్పు పడుతుంది. రెక్క మీద ఆముదం ఆరకముందే సబ్బునీళ్ల గుడ్డతో తుడవండి. ఆరితే లక్కలా అంటుకుంటుంది. చొక్కాకి పడ్డ మరకని కుంకుడు రసంలో నానబెట్టండి. వాసన మాత్రం రెండు ఉతుకుల దాకా పోదు. మా ఇంట్లో నా ఆదివారం చొక్కాకి వేరే బకెట్ ఉంది.